అబ్దుల్లా కొడుకు మూసా

యాలియా ఏరు ఏడాది పొడుగునా రాళ్ళు తేలి పడుంటుంది. మేకలు అడ్డంగా నడిచిపోతాయి, పిల్లలు ఇసుకలో గుంతలు తవ్వుకుంటారు. చలికాలంలో ఏదో ఒక రోజు మాత్రం కొండల మీద పడ్డ వానంతా ఒక్కసారిగా కిందికి దిగుతుంది. సరిగ్గా ఆ రోజే మూసా లార్నకా ఉప్పు మడుల నుంచి బస్తాలు వేసుకుని, కంచర గాడిదలను తోలుకుంటూ ఇంటికి వస్తున్నాడు. ముందు నడిచే ఆడ గాడిద ఎలాగో ఒడ్డెక్కింది. వెనకవాటిని ఏరు లాక్కుపోయింది. వాటి తాళ్ళు వదలని మూసానూ లాక్కుపోయింది. బస్తాల్లో ఉప్పు మైలు దూరం పోకుండానే కరిగిపోయి ఉంటుందని ఊళ్ళో చెప్పుకున్నారు.

కొన్నాళ్ళకి ఒక గొర్రెల కాపరి దిగువన రెల్లు పొదల్లో శవాన్ని చూశాడు. ఆ చోటికి దగ్గర్లో సెయింట్ మరీనా గుడి ఉంది. పాద్రి లోయిజోస్ ఆ పూట దీపాలు వెలిగించడానికి అక్కడే ఉన్నాడు. శవాన్ని ఊరి దాకా మోసుకుపోయే పరిస్థితి లేదు. గుడి ఆవరణలోనే గుంత తవ్వించి, పిడికిలిలో చిన్న తగరపు సిలువ పెట్టి, మొయిసిస్ అని పేరు చెప్పి పూడ్చిపెట్టాడు. అదే సాయంత్రం ఊళ్ళో ఇమాం మసీదు మెట్ల మీద నిలబడి మూసా పోయాడని గొంతెత్తి చాటాడు. రెండు పేర్లూ ఒకే మనిషివని ఊరంతటికీ తెలుసు. ఎవరూ వింతగా చూడలేదు.

ఆ ఊళ్ళో అందరికీ రెండేసి పేర్లు. ఏ తాతల కాలంలోనో, పన్నుకు భయపడో కత్తికి భయపడో మసీదుకు వెళ్ళడం మొదలుపెట్టారు. చర్చికి వెళ్ళడం మానలేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వాళ్ళని నారపత్తిగాళ్ళు అని ఎగతాళి చేసేవాళ్ళు. నార పడుగు, పత్తి పేక కలిపి నేసిన బట్ట లాంటి వాళ్ళని. మూసా భార్య ఎల్మాస్ చర్చిలో దియామాంతో. ఒక భాషలోనూ వజ్రమే, ఇంకో భాషలోనూ వజ్రమే. కూతురు మెలెక్ చర్చిలో అంగెలికి. రెండింటికీ దేవదూత అనే అర్థం. ఇంట్లో మాత్రం ఎల్మాస్, మెలెక్.

పోయినవాళ్ళకి నలభయ్యో రోజు చెయ్యడం రెండు వైపులా ఉన్న ఆచారమే. ఎల్మాస్ ఎప్పట్లాగే రెండు వైపులకూ సిద్ధం చేసింది. చర్చికి దానిమ్మ గింజలు, బాదం పప్పులు కలిపి గోధుమలు ఉడకబెట్టింది. మసీదుకు హల్వా కలియబెట్టింది. మెలెక్ గిన్నెలు రెండూ మోసుకుపోయింది. కాసేపట్లో రెండూ వెనక్కి తెచ్చింది.

కాలం మారిపోయింది. ఇంగ్లీషువాళ్ళు దీవికొచ్చి నాలుగైదేళ్ళయింది. తురకల రాజ్యం లేదు కాబట్టి నారపత్తి వాళ్ళు ఇక దాక్కోనక్కర్లేదని బిషప్పు పాద్రులకు కబురు పెట్టాడు. ఎటో ఒకటి తేల్చుకోని వాళ్ళ పేరు ప్రార్థనలో ఎత్తొద్దన్నాడు. ముఫ్తీ కచేరీ నుంచి ఇమాంకీ అలాంటి కబురే వచ్చింది. పాద్రి లోయిజోస్ మెలెక్‌తో, మీ నాన్న వాళ్ళవాడని వాళ్ళంటున్నారు కదమ్మా, కొన్నాళ్ళు ఆగుదాం అన్నాడు. ఇమాం, అక్కడ సిలువ పెట్టి పూడ్చారట కదా, నేనెలా చదవను అన్నాడు. ఉడికిన గోధుమలూ హల్వా పొయ్యి పక్కనే చల్లారిపోయాయి.

ఆ సాయంత్రమే ఎల్మాస్ మొదటిసారి విన్నది.

పొద్దు వాలి, ఇంకా దీపం పెట్టని వేళ. కొట్టంలో ఆడ గాడిద చెవులు నిక్కించింది. వాకిట్లో అడుగుల చప్పుడు వచ్చి, గుమ్మం ముందు ఆగింది. తర్వాత బూటు మడమలు గడప రాతికి వేసి కొట్టిన చప్పుడు. మూసా లోపలికొచ్చే ముందు మట్టి దులుపుకునేది అలాగే. తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎల్మాస్ లేచి తలుపు తీసింది. ఎవరూ లేరు. గడప రాయి మాత్రం తడిసి నిగనిగలాడుతోంది. వాన పడి వారం దాటింది.

తెల్లారేసరికి రాయి ఆరిపోయి, దాని మీద సన్నని తెల్లటి చార మిగిలింది. ఎల్మాస్ వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. తలుపు తీస్తే ఉండడు, తియ్యకపోతే పోడు. మెలెక్ మొదట్లో దుప్పటి కప్పుకుని ఏడ్చేది. తర్వాత తర్వాత ఆ వేళకి తల్లి పక్కన చేరి కూర్చోవడం అలవాటైంది. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే రెండు గుళ్ళవాళ్ళూ తప్పు అవతలివాళ్ళదే అంటారని ఎల్మాస్‌కి తెలుసు.

బాదం చెట్లు ఆకు వేసే రోజుల్లో మరిది ఇబ్రహీం వచ్చాడు. అన్న కంటే బాగా చిన్నవాడు, మాట తక్కువ మనిషి. చర్చిలో అతని పేరు అవ్రామ్. ఇంగ్లీషువాళ్ళొచ్చాక ఊళ్ళో చాలామంది చర్చి వైపు జరిగితే అతను మాత్రం మసీదు వైపే ఉండిపోయాడు. లోపలికి రాకుండా వాకిట్లో నిలబడి గడప రాయి వైపు చూస్తూ మాట్లాడాడు.

"వదినా, అన్న మా కొట్టంలోకి వస్తున్నాడు."

ఎల్మాస్ తమ ఇంటికీ వస్తున్నాడని చెప్పలేదు. "వచ్చి ఏమంటాడు?" అంది.

"ఏమీ అనడు. గడ్డి తడిసిపోతోంది. గొడ్లు ముట్టట్లేదు. తన మట్టిలో లేడు గనక తిరుగుతున్నాడు, తీసుకొచ్చి మన శ్మశానంలో పెట్టండి, నేను నమాజ్ చదువుతానన్నాడు ఇమాం."

"పెత్రోస్ సంగతో?"

పెత్రోస్ ఆథియెనూ ఊరివాడు. వాళ్ళ నాన్నా మూసా కలిసి ఎన్నో ఏళ్ళు దారుల వెంట గాడిదలు తోలారు. ఆ పిల్లాడికి మెలెక్‌ని ఇస్తానని మూసా పోయేముందే చేతిలో చెయ్యేశాడు. వాళ్ళు చర్చివాళ్ళు.

"అది మీ అన్న మాటిచ్చిన సంబంధం ఇబ్రహీం. ఆయన్ని నువ్వటు మోసుకుపోతే పిల్ల కూడా ఆయన వెనకాలే అటు పోవాలి. తురక పిల్లని చర్చిలో పెళ్ళెలా చేస్తారు?"

"నాకు తెలీదా వదినా? కానీ కంటి మీద కునుకు లేదు. మా ఆవిడ పుట్టింటికెళ్ళిపోయింది. నేను కోర్టుకెళ్తాను. కోపం పెట్టుకోకు."

అన్న ముస్లిమని తేలితే తమ్ముడికీ వాటా వస్తుంది గనక, పొలం మీదా, బావి మీదా కన్నేసి వెళ్ళాడని ఊరంతా అనుకుంది. ఎల్మాస్ అలా అనుకోలేదు. అతని కళ్ళ కింద నల్లటి గుంటలు ఆమె చూసింది.

వెనకటి రోజుల్లో కోర్టంటే లార్నకాలో ఖాజీగారి గది. తురకలూ, గ్రీకులూ, ఆర్మీనియా వర్తకులూ అందరూ అక్కడికే పోయేవాళ్ళు. చెప్పుకున్నది విని రయీఫ్ ఎఫెందీ అనే గుమాస్తా పుస్తకంలో రాసుకునేవాడు. వాకిట్లో ఉన్నవాళ్ళెవరో సాక్షులుగా పేర్లిచ్చి పోయేవాళ్ళు. ఇప్పుడు ఆ ఖాజీకి ముస్లిముల పెళ్ళిళ్ళూ విడాకులూ వాటాలూ మాత్రమే మిగిల్చి, మిగతా వ్యవహారమంతా కొత్త కోర్టుకిచ్చారు. అక్కడ ముగ్గురు కూర్చుంటారు. నడుమ ఇంగ్లీషు జడ్జి, ఒక పక్క ఎర్ర టోపీ పెట్టుకున్న ముస్లిం జడ్జి, రెండో పక్క క్రైస్తవ జడ్జి. గడప తొక్కిన వాళ్ళెవరైనా ముందు తామేమిటో చెప్పాలి. అది చెబితే గానీ ఏ చట్టం తియ్యాలో, ఏ పుస్తకం మీద ప్రమాణం చేయించాలో వాళ్ళకి తెలీదు.

గోధుమ కోతలయ్యాక విచారణకు పిలిచారు. ఎల్మాస్ కూతురితో కలిసి తెల్లవారుజామునే బయల్దేరింది. ప్రమాణం సువార్త మీదే చెయ్యమ్మా, చేస్తానని నాకు మాటివ్వు, అని దారిలో మెలెక్ బతిమాలింది. ఎల్మాస్ మాటిచ్చింది.

కోర్టు గది నిండా జనం. బంట్రోతు రెండు పుస్తకాలూ పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు. ఎల్మాస్ సువార్త మీద చెయ్యి వేసింది. వెయ్యగానే అరచేతికి చల్లగా తడి తగిలింది, నీళ్ళలోంచి తీసిన దాన్ని పట్టుకున్నట్టు. అదిరిపడి చెయ్యి తీసి చూసుకుంది. పొడిగానే ఉంది. అట్ట కూడా పొడిగానే ఉంది. మళ్ళీ చెయ్యి పెట్టి, దుబాసీ చెప్పిన మాటలు తిరిగి చెప్పింది.

ఇంగ్లీషు జడ్జికి ఆ దీవిలో ఏ భాషా రాదు. ఆయన అడిగినదాన్ని దుబాసీ ఆమెకు చెప్పేవాడు, ఆమె చెప్పినదాన్ని ఆయనకు చెప్పేవాడు. మీ ఆయన ఏ మతస్థుడు అని మొదటి ప్రశ్న.

"శుక్రవారం మసీదుకెళ్ళేవాడండి, ఆదివారం చర్చికెళ్ళేవాడు. రంజానుకీ పస్తుండేవాళ్ళం, ఈస్టరు ముందూ పస్తుండేవాళ్ళం. మా ఇంట్లో పొయ్యి వెలిగిన రోజులే తక్కువ."

గదిలో నవ్వులు లేచాయి. రెండింటిలో దేన్ని నమ్మేవాడని జడ్జి అడిగించాడు. ఎల్మాస్ ఆలోచించింది. సువార్త మీద చెయ్యి పెట్టింది గనక అబద్ధం చెప్పలేకపోయింది.

"నేనడగలేదండి."

"మరి నువ్వాయన్ని ఏ పేరుతో పిలిచేదానివి?"

"పేరుతో ఎలా పిలుస్తానండి మొగుణ్ణి? వచ్చావా, తిన్నావా, అనేదాన్ని."

ఈసారి రెండు పక్కల జడ్జీలూ కూడా గడ్డాల చాటున నవ్వారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ అంతే. నడుమనున్నాయన మాత్రం దుబాసీ చెప్పింది విని, తనకేదో సగమే అందినట్టు కనుబొమలు ముడిచాడు.

తర్వాత ఇబ్రహీం తరఫు వకీలు లేచాడు. మొహమాటపడుతూనే, మూసాకి సున్తీ అయిందా అని అడిగాడు. దుబాసీ గొంతు తగ్గించి చెప్పినా గదంతా విన్నది. మెలెక్ తల దించేసుకుంది. ఎల్మాస్ చెవులు ఎర్రబడ్డాయి.

"అయిందండి. బాప్తిస్మం కూడా అయింది. మా ఊళ్ళో ఏ మగాణ్ణి చూసినా అంతే. ఈ కేసు వేసినతన్ని అడగండి, చెప్తాడు."

వకీలు కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

చివరికి రయీఫ్ ఎఫెందీని పిలిచారు. పాత పుస్తకాన్ని గుడ్డలో చుట్టి చంకన పెట్టుకొచ్చాడు ముసలాయన. గుర్తు పెట్టుకున్న పుట విప్పి చదివాడు. చాలా ఏళ్ళ కిందట ఒకరోజు ఖాజీగారి ఎదుట అబ్దుల్లా కొడుకు మూసాకూ, అబ్దుల్లా కూతురు ఎల్మాస్‌కూ నికా జరిగిందని అందులో ఉంది. ఇద్దరి తండ్రి పేరూ అబ్దుల్లానే అయితే వీళ్ళు అన్నాచెల్లెళ్ళా అని ఇంగ్లీషు జడ్జి అడిగించాడు. అబ్దుల్లా అంటే దేవుడి సేవకుడని అర్థం, తండ్రిని గురించి అడక్కూడని వాళ్ళకి ఆ పేరు రాసేవాళ్ళమని రయీఫ్ ఎఫెందీ వివరించాడు.

"ఎందుకు అడక్కూడదు?"

"అడిగితే చెప్పాలి కదండీ. చెప్తే రాయాలి. రాశాక మనిషి ఇంక కదలడానికుండదు. మా ఖాజీగారు ఎదుట నిలబడ్డవాళ్ళు చెప్పింది రాయమనేవారు, చెప్పనిదాన్ని వదిలెయ్యమనేవారు."

దుబాసీ అదంతా చెప్పాడో లేదో గానీ ఇంగ్లీషు జడ్జి రాసుకున్నది ఒక్క ముక్కే. పాద్రి లోయిజోస్ తెచ్చిన చర్చి పుస్తకంలో మొయిసిస్, దియామాంతోల పెళ్ళి కూడా ఉంది, అదే నెలలో, నికా తర్వాత. ముసలాయన పుస్తకం చుట్టుకుని బయటికొస్తూ ఎల్మాస్ దగ్గర ఆగాడు. తన నికా గుర్తుందా అని ఆమె అడిగింది. లేదమ్మా, అన్నాడు. నిజం చెప్పాలంటే రోజుకెందరో అబ్దుల్లా పిల్లలు వచ్చేవారనీ, పుస్తకాలన్నీ గోతాల్లో కట్టించి రాజధాని నికోసియాకి పంపమన్నప్పటి నుంచి వాళ్ళంతా తన ఇంటి ముందు నిలబడి, మమ్మల్నేం చేశావని అడుగుతున్నట్టుంటోందనీ చెప్పాడు. ఆ మాటకి ఎల్మాస్ ఆయనకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. వాళ్ళ కాళ్ళు తడిగా ఉంటాయా అని అడగబోయి ఊరుకుంది.

తీర్పు కరోబు చెట్ల నుంచి తీపి కాయలు రాలగొట్టే వేసవిలో వచ్చింది. పక్క జడ్జీలు ఇద్దరూ చెరో మాట అన్నారు. నడుమనున్నాయన మాటే చెల్లింది. మూసా తనంతట తానుగా ఈ దీవి కోర్టులో నిలబడి ముస్లింగా రాయించుకున్నాడు, బతికుండగా ఎన్నడూ దాన్ని కొట్టేయించుకోలేదు, కాబట్టి ఆ రాత చెల్లుతుంది. తమ్ముడు శవాన్ని తీసుకుపోవచ్చు. వాటాలూ పిల్ల సంగతీ ఖాజీ కోర్టు చూసుకుంటుంది. దుబాసీ చదివి వినిపించడం అయిపోయేసరికి తర్వాతి కేసువాళ్ళు లోపలికి తోసుకొస్తున్నారు.

ఎండ ముదరకముందే పని ముగించాలని ఇబ్రహీం పొద్దున్నే నలుగురు మనుషులతో గుడి దగ్గరికి వెళ్ళాడు. వద్దన్నా వినకుండా ఎల్మాస్ కూడా వెళ్ళి గోడ పక్కన నిలబడింది. పాద్రి లోయిజోస్ గోడ అవతలే ఆగిపోయి, నెత్తి మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఈస్టరు దాటాక ఒక్క చినుకు పడలేదు. నేల నెర్రెలు విచ్చి ఉంది. పలుగు దిగడం కష్టంగా ఉందని మొదట్లో విసుక్కున్నారు. మోకాలి లోతుకి వెళ్ళేసరికి మట్టి మెత్తబడింది. నడుం లోతుకి వెళ్ళేసరికి గుంతలోకి నీళ్ళు ఊరాయి. తవ్వేవాళ్ళు ఒకరినొకరు చూసుకుని పైకెక్కేశారు.

ఇబ్రహీం ఒక్కడే మళ్ళీ దిగాడు. చేతులతో నీళ్ళు తోడి, అన్నని ఒక్కడే లేవనెత్తి, పైనున్నవాళ్ళకి అందించాడు. కొత్త గుడ్డ కప్పేముందు అన్న పిడికిలి విప్పాడు. ఎల్మాస్ దగ్గరికొచ్చి ఏమీ అనకుండా తగరపు సిలువను ఆమె చేతిలో పెట్టాడు. అది ఏటి రాయంత చల్లగా ఉంది.

శ్మశానంలో ఇమాం నమాజ్ చదివాడు. అబ్దుల్లా కొడుకు మూసా అని పేరు చెప్పాడు. అక్కడి నేల ఎంత తవ్వినా పొడి దుమ్మే. ఇబ్రహీం ఆ రాత్రి నిద్రపోయాడు. మర్నాడు అతని కొట్టంలో గడ్డి పొడిగా ఉంది. గొడ్లు కడుపు నిండా మేశాయి. వారం తిరక్కుండా భార్య పుట్టింటి నుంచి వచ్చేసింది. ఖాజీ దగ్గర తనకి రావలసిన వాటాని అతను అడగనే లేదు. పొలమూ బావీ వదిన దగ్గరే ఉంచమని చెప్పొచ్చాడు. ఊరివాళ్ళు ఆశ్చర్యపోయారు.

ఎల్మాస్ ఇంటికి మాత్రం పోయినవాడు రావడం మానలేదు.

శవాన్ని తీసిన రోజు సాయంత్రమే అడుగులు వినిపించాయి. కొంచెం తేలిగ్గా ఉన్నాయి, అంతే తేడా. బూట్లు దులిపిన చప్పుడు, తడి, తెల్లారితే ఉప్పు చార. ఎల్మాస్ చాలా సేపు గుమ్మంలో నిలబడి చీకట్లోకి చూసింది. మూసాని తీసుకెళ్ళి పడుకోబెట్టారు. పేరు పెట్టి పిలిచి, దువా చదివి, మట్టి కప్పారు. మరి ఇక్కడ నిలబడింది ఎవరు? ఆలోచిస్తూ ఉండగానే ఆమెకి తట్టింది. ఇతను మొయిసిస్. కోర్టు ఒకణ్ణి ఇద్దర్ని చేసింది. ఒకడికి చోటు చూపించి, రెండోవాణ్ణి బయటే వదిలేసింది.

మెలెక్ పెళ్ళి సంగతి తేలాల్సి ఉంది. ఎల్మాస్ లార్నకా వెళ్ళి రయీఫ్ ఎఫెందీని అడిగింది. ముసలాయన ఇప్పుడు ఖాజీ గది వెనక చిన్న కొట్టులో కూర్చుంటున్నాడు. పిల్ల బాహాటంగా బాప్తిస్మం తీసుకుని చర్చి పుస్తకంలో రాయించుకుంటే ఇంగ్లీషువాళ్ళ రాజ్యంలో ఎవరూ ఏమీ అనరని చెప్పాడు.

"కానీ తల్లీ, అప్పుడు ముస్లిమైన మూసాకి ఆ పిల్ల వారసురాలు కాదు. మా పుస్తకంలో ఆయన పిల్లలు లేకుండా పోయినట్టు రాయాలి."

"రాయకపోతే?"

"ఇదివరకైతే రాయకపోయేవాణ్ణి. ఇప్పుడు పుస్తకాలు తనిఖీ చేస్తున్నారు."

పెత్రోస్ వాళ్ళమ్మ మంచిది. పిల్ల ఎవరి కూతురో మాకు తెలుసు, ఏ పుస్తకంలో ఏముంటే మాకేం అంది. కొత్త ద్రాక్షరసం పీపాలకెత్తే రోజుల్లో మెలెక్ ఆథియెనూ చర్చిలో అందరి ముందూ బాప్తిస్మం తీసుకుంది. చిన్నప్పుడు ఒకసారి గుట్టుగా అయిందే మళ్ళీ అయింది. ఆ రోజు నుంచి ఆమె అంగెలికి. పెళ్ళి ఆదివారమన్నారు.

పెళ్ళికి ముందు ఊరి పెద్ద ముఖ్తార్ ఇల్లిల్లూ తిరిగి ఎవరెవరు ఏ వైపో రాసుకుంటూ ఎల్మాస్ వాకిట్లోకొచ్చాడు. ఆమె ముస్లిమని రాసుకోమంది. గదిలోంచి మెలెక్ విని బయటికొచ్చింది. ముఖ్తార్ వెళ్ళేదాకా పళ్ళ బిగువున ఆగింది.

"సువార్త మీద చెయ్యేసి ప్రమాణం చేశావు కదమ్మా. నాకోసమే అన్నావు. ఇప్పుడు నన్నొక్కదాన్నీ అటు తోసేసి నువ్వు ఇటుంటావా?"

"నీకు పెత్రోస్ ఉన్నాడు. వాళ్ళమ్మ ఉంది. రేపు పిల్లలు పుడతారు. మీ నాన్నని ఒక్కణ్ణీ తీసుకెళ్ళి అక్కడ పడుకోబెట్టారే. నేను చర్చిదాన్నని రాయించుకుంటే రేపు నన్నెక్కడ పెడతారు? ఆయన పక్కన పెట్టరు."

"మరి రోజూ సాయంత్రం వచ్చేదెవరు?"

ఎల్మాస్ దగ్గర దానికి జవాబుంది గానీ పెళ్ళికూతురికి చెప్పే మాట కాదనిపించింది. పెట్టెలోంచి తగరపు సిలువ తీసి, నల్లదారానికి గుచ్చి, కూతురి మెడలో కట్టింది. అది మీ నాన్నదేనంది. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. ఎండాకాలమంతా పెట్టెలో ఉన్నా ఆ తగరం చల్లదనం పోలేదు. మెలెక్ ఉలిక్కిపడి, గుండెల మీద అరచెయ్యి పెట్టుకుని దాన్ని వెచ్చచేసుకుంది.

పెళ్ళి రోజు ఎల్మాస్ చర్చి లోపలే, వెనక గోడకి ఆనుకుని నిలబడింది. ఎవరూ వద్దనలేదు. పాద్రి అంగెలికి అని పిలిచినప్పుడల్లా తన కూతుర్ని కాకుండా పక్కనున్న పిల్లనెవరినో పిలుస్తున్నట్టుండేది. విందులో పెత్రోస్ తండ్రి తాగి, మూసా పేరు చెప్పుకుని భోరుమన్నాడు. మొయిసిస్ అనాలేమోనని మధ్యలో నాలిక్కరుచుకుని, రెండు పేర్లూ కలిపేసి, ఇంకా గట్టిగా ఏడ్చాడు.

సాయంత్రానికి ఆమె ఒక్కతే ఇంటికొచ్చింది. ఆడ గాడిదని కట్టేసి, తలుపు ఓరగా వేసి, దీపం పెట్టకుండా కూర్చుంది. చీకటి పడింది. అడుగులు వినపడలేదు. పెళ్ళి సందట్లో దారి తప్పాడేమో, రేపొస్తాడేమో అనుకుంది. మర్నాడు రాలేదు. పొద్దున్నే గడప మీద వేలు రాసి చూస్తే దుమ్మంటింది. వానలు మొదలయ్యాయి. యాలియా ఏట్లో నీళ్ళొచ్చాయి. అప్పుడైనా వస్తాడనుకుంది. అతను వచ్చినన్నాళ్ళూ భయపడింది గానీ, ఎప్పుడూ ఒంటరిగా లేదు. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి ఇల్లు చెవుల్లో హోరెత్తేది. పాలు తెచ్చిచ్చే మిషతో ఇబ్రహీం రోజూ వచ్చి వాకిట్లో కాసేపు కూర్చునేవాడు.

బాదం చెట్లు పూసినప్పుడు మెలెక్ వచ్చింది. అయిదో నెల. మొహం పాలిపోయి ఉంది. గోధుమలూ పుల్లటి పెరుగూ కలిపి తల్లి కాచిపెట్టిన వేడి త్రహనా గంజి రెండు గుటకలు తాగి గిన్నె పక్కన పెట్టేసింది.

"అమ్మా, మా ఇంటికెవరో వస్తున్నారు."

ఎల్మాస్ చేతిలో గరిట ఆగింది. "ఎప్పటి నుంచి?"

"పెళ్ళయిన రాత్రి నుంచీ. పొద్దు వాలేసరికి గుమ్మం దగ్గర చప్పుడు. గాలి అంటాడు పెత్రోస్. మా అత్తకి వినపడదు. నాకొక్కదానికే."

"గడప మీద ఉప్పు ఉంటోందా?"

మెలెక్ తలూపింది. "భయమేస్తోందమ్మా. కడుపులో బిడ్డకేమైనా అవుతుందేమోనని. పాద్రిగారికి చెప్పి నీళ్ళు చల్లించనా?"

ఎల్మాస్ గరిట కింద పెట్టింది. కూతురి మెడలో నల్లదారం చూసింది. గుండెలో ఏదో సన్నగా కోసినట్టయింది. తనని వదిలి కూతురి దగ్గరికి వెళ్ళాడన్న అసూయ అది. సిగ్గుపడింది. తర్వాత మెల్లగా, ఇంకెక్కడికి వెళ్తాడు అనిపించింది. చర్చి పేరుతో ఉన్నవాళ్ళు మొయిసిస్‌కి కూతురు తప్ప ఇంకెవరు మిగిలారు.

"నీళ్ళు చల్లించకు," అంది. "ఆయన చిన్నప్పుడు నిన్ను భుజాల మీద మోసుకుని దారంతా తిరిగినవాడు. బిడ్డకేం చేస్తాడు? చీకటి పడే వేళకి తలుపు తీసి పెట్టు. పేరు పెట్టి లోపలికి పిలు. ఏ పేరో నీకు తెలుసుగా."

"వస్తే?"

"వస్తే పొయ్యి పక్కన కూర్చోనీ. చాలా చలిలో తిరిగాడు."

మెలెక్ ఏడ్చింది. ఏడుపయ్యాక ఆకలేస్తోందని గంజి మళ్ళీ అడిగి తాగింది. మధ్యాహ్నం ఇబ్రహీం వచ్చి, అన్న కూతుర్ని గాడిద మీద ఎక్కించుకుని ఆథియెనూ దాకా దిగబెట్టడానికి తీసుకెళ్ళాడు. మలుపు తిరిగేదాకా ఎల్మాస్ వాళ్ళని చూస్తూ నిలబడింది.

తర్వాత శ్మశానానికి వెళ్ళింది. తలాపి రాయి చుట్టూ వానలకి మొలిచిన గడ్డి పీకేసింది. మట్టి మీద చెయ్యి పెట్టి చూసింది. వానాకాలపు మామూలు తడే. కింద మనిషి కదలడం లేదు, పిలవడం లేదు. హాయిగా పడుకున్నాడు. పక్కన తనకి సరిపడేంత చోటు ఉంది. ఆ చోటులో ఉన్న గడ్డి కూడా పీకేసి, చేతులు దులుపుకుని, పొద్దు వాలకముందే ఇంటికొచ్చి తలుపు గడియ వేసుకుంది.